తోమిన డాలరు

"కడగొద్దు, తుడవొద్దు, వేలితో రుద్దొద్దు." నలభై ఒక్క ఏళ్ళుగా నా కొట్టు గుమ్మం దాటే ప్రతి మనిషికీ ఈ మూడు ముక్కలూ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. చెప్పనిది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారే నా కొంప ముంచింది.

మాది డాలొనెగా, దక్షిణాది కొండల్లో ఒకప్పుడు బంగారం తవ్విన ఊరు. పాత కోర్టు వెనక సందులో నా నాణేల కొట్టు. నాకు డెబ్బై ఒకటి నిండాయి. కాసేపు భూతద్దం పట్టుకుంటే మెడ పట్టేస్తుంది. వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది తాతగారి అలమరలో దొరికిన రాగి సెంటు నాణేలు తెచ్చి, మా దశ తిరిగిందా అని నా మొహంలోకి చూస్తారు. తిరగలేదని చెప్పడమే నా ఉద్యోగం. రోజుకు పదిసార్లు చెబుతాను. విసుగెత్తిపోయింది. కొట్టు మూసేద్దామని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. మూయకపోవడానికి కారణం ఓటిస్ చాస్టెయిన్.

ఓటిస్ నాతో కలిసి బడికెళ్ళినవాడు. కోళ్ళ షెడ్లు పెట్టి బాగానే సంపాదించాడు, సంపాదించిందంతా తెచ్చి నా కొట్లో పోశాడు. మా ఊరి టంకశాలలో ఒకప్పుడు పదమూడేళ్ళు బంగారు డాలర్లు అచ్చేశారు. ఒక్కోటి చొక్కా గుండీ అంత ఉంటుంది. ఏడాదికొకటి చొప్పున పదమూడూ పోగెయ్యాలని వాడి పంతం. పన్నెండు నేనే వెతికి తెచ్చాను. దొరకనిది 1861ది. ఆ ఏడు ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం మొదలై, దక్షిణాది వాళ్ళు టంకశాలను పట్టుకుని, ఉన్న బంగారంతో చేతికొచ్చినన్ని కొట్టారు. ఎన్నని రాసిపెట్టిన నాథుడు లేడు. వాడికి ఏదో ఒకటి దొరికితే చాలదు. నూటయాభై ఏళ్ళ పాత రంగు చెక్కుచెదరకుండా ఉండాలి. కడిగిన నాణెం వాడి లెక్కలో శవం.

ఇప్పుడు వాడి కళ్ళు పోతున్నాయి. ఎదురుగా ఉన్నది కనబడదు, పక్కచూపు మాత్రం కాస్త మిగిలింది. వచ్చే ఏడాదికి అదీ ఉండదని డాక్టరు చెప్పేశాడు. "ఆ పదమూడోది నా కళ్ళతో చూసి పోతానురా వర్జిల్, తరవాత గుడ్డివాడినైనా సరే" అన్నాడు. అప్పట్నుంచి నాకు మనశ్శాంతి లేదు.

మొన్న శనివారం ఒలీటా గ్రిజిల్ వచ్చింది. స్కూలు వంటగదిలో పనిచేసి రిటైరైన మనిషి. అమ్మమ్మగారి ముక్కుపొడుం డబ్బీ నా బల్ల మీద పెట్టింది. "మీరు నవ్వినా పర్లేదండీ, వర్జిల్ గారూ. ఇది గుండీయో నాణెమో తేల్చండి" అంది.

డబ్బీలో ముదురు తేనె రంగులో బంగారు డాలరు, దాని మీద ఈకల కిరీటం పెట్టుకున్న పిల్ల బొమ్మ. 'యునైటెడ్' అన్న మాటలో మొదటి అక్షరం సగమే పడింది. ఆ ఏటి అచ్చు అలాగే ఉండేది. వెనక్కి తిప్పాను. 1861. కింద మా ఊరి టంకశాల గుర్తు, 'డి' అక్షరం.

"అరవై వేల డాలర్లకు తక్కువ పోదమ్మా" అన్నాను.

"వేళాకోళం ఆడకండి!" అంటూ కుర్చీలో కూలబడింది. కాసేపటికి తేరుకుని, "ఇందులో మా అక్కకీ వాటా ఉందండీ. దాన్నడిగి మంగళవారం తెస్తాను" అని డబ్బీ చేతిసంచిలో వేసుకుంది.

నా బుద్ధి గడ్డి తిన్నది అప్పుడే. ఆవిడ ఎప్పుడు వెళుతుందా, ఓటిస్‌కి ఎప్పుడు చెబుతానా అని నా చెయ్యి అప్పటికే ఫోను మీద ఉంది. ఆ మూడు ముక్కలూ చెప్పలేదు.

మంగళవారం ఒక చేత్తో వెన్న కేకు, ఇంకో చేత్తో డబ్బీ పట్టుకుని వచ్చింది. మూత తీసింది. లోపల నాణెం ధగధగ మెరుస్తోంది.

"ఎలా ఉందండీ? అక్కా నేనూ పూటంతా కూర్చుని తోమాం. వంటసోడా, పాత పళ్ళ బ్రష్షు, అంతే!"

"ఎందుకు తోమావమ్మా?"

"అదేం మాటండీ! మురికిపట్టిన దాన్ని మీ చేతిలో ఎలా పెడతాం? మా అమ్మ బతికుంటే చీపురు తిరగేసేది."

మా కొండల్లో పొరుగింటి గిన్నె తోమకుండా వెనక్కి పంపే ఆడది లేదు. ఆవిడ మర్యాద ఆవిడ చేసింది. తప్పు నాది.

"తోమేసరికి వెల సగం పోయిందమ్మా. ముప్పై వేలు రావడం కూడా కష్టం. ముట్టుకోవద్దని చెప్పాల్సింది నేను, చెప్పలేదు" అన్నాను.

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది. "మీరు మాత్రం కావాలని చేశారా. ముందు కాస్త కేకు తినండి, మొహం పీక్కుపోయింది" అంది. నాకు ఏడుపొచ్చింది.

అంతలో మెట్ల మీద కర్ర చప్పుడైంది.

"ఏరా ముసలాడా, ఏదీ నా బంగారు తల్లి?" అంటూ ఓటిస్ వచ్చేశాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు.

వీడికి తోమిన గీతలు కనబడవు కదా, చెప్పకపోతే ఏం పోయింది అని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధమాడే ఓపిక కూడా లేదు నాకు.

"తోమేశారురా. ఆవిడ తప్పు లేదు, నాదే. నీ తిట్లన్నీ నన్నే తిట్టు" అన్నాను.

వాడు తిట్టలేదు. ఉసూరుమంటూ కూర్చున్నాడు. చెయ్యి చాచి, "ఇలా తే" అన్నాడు. అంచులు పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి, తల పక్కకు వాల్చి, ఎండలో అటూ ఇటూ తిప్పాడు.

"ఒరేయ్... ఇది కనబడుతోందిరా."

"ఏమిటి కనబడేది?"

"ఆదివారం ఆ పన్నెండూ బల్ల మీద పరిచాను. నీతో చెప్పలేదు, సిగ్గేసింది. ఒక్కటీ కనబడలేదురా! అన్నీ మసిబొట్లే. నలభై ఏళ్ళు పాత రంగు, పాత రంగు అని చచ్చాను కదా, ఆ రంగే నా కళ్ళకి అడ్డమొచ్చింది. ఇది చూడు... పిల్ల మొహం, తలమీద ఈకలు, అన్నీ తెలుస్తున్నాయి."

తరవాత ఒలీటా ఉన్నవైపు తిరిగాడు. "అమ్మా, ముందు వీడెంత చెప్పాడు?"

"అరవై అన్నారండీ. కానీ ఇప్పుడు..."

"అరవయ్యే ఇస్తాను."

"మతి పోయిందా? దానికి అంత వెల లేదు!" అని అరిచాను.

"నువ్వు నోర్ముయ్యరా. చూసేది నేను." నాణేన్ని అరచేతిలో పెట్టుకుని, కాస్త తటపటాయించాడు. "అమ్మా, మిగతా పన్నెండూ నన్ను దింపిన కారులోనే ఉన్నాయి. నీకు శ్రమ కాకపోతే వాటినీ కాస్త తోమిపెడతావా?"

ఒలీటా నావైపు చూసింది. పన్నెండూ నేను తెచ్చినవే. ఒక్కోదాని కోసం ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఎంతమంది గడప తొక్కానో నాకు తెలుసు. తోమితే అన్నింటి వెలా సగానికి పడిపోతుంది. ఓటిస్‌కీ తెలుసు. నలభై ఒక్క ఏళ్ళుగా చెబుతున్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"వెనకగదిలో వంటసోడా ఉందమ్మా, తెస్తానుండు" అని లేచాను.