తెల్ల మొండిఘటం

కళ్ళద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె ఉద్యోగం. పొద్దస్తమానం వెంట్రుకవాసి తేడాల మీదే చూపు. ఇంటికొచ్చాక కూడా ఆ వేళ్ళు ఊరుకునేవి కావు. తిప్పితే రంగులు కలిసే క్యూబులు, తిప్పితే ఆకారమే మారిపోయే పజిళ్ళు హాల్లో అద్దాల బీరువా నిండా పోగేసింది. ఫోన్లో వీడియోలు చూడకుండా, ఎవరినీ అడగకుండా, సొంత బుర్రతో కలిపినదానికే ఆ బీరువాలో చోటు. నవ్వేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు.

ఒక్కటి మాత్రం బీరువా ఎక్కలేదు. ఒళ్ళంతా తెలుపే, వేరే రంగు లేదు. ముక్కలన్నీ వంకరటింకర. ఒక్క ముక్క తప్పుచోట కూర్చుంటే చాలు, మొత్తం ముళ్ళపందిలా తయారవుతుంది. దానికి మొండిఘటం అని పేరు పెట్టుకుంది. రెండేళ్ళుగా పొద్దున్నే టీ కప్పు పక్కన పెట్టుకుని దానితో కుస్తీ. ఎట్టకేలకు ఆ వారం దారి దొరికింది. కింది వరసలు కుదిరిపోయాయి. పైన కొద్ది ముక్కలే మిగిలాయి. వాటినెలా తిప్పాలో లీలగా తడుతోంది కూడా. ఆదివారం చుట్టాలు వెళ్ళాక తీరిగ్గా కూర్చుందామనుకుంది.

ఆ చుట్టాలు ఎవరో కాదు, ఆడపడుచూ ఆవిడ మొగుడూ. ఆయన ఒక పెద్ద గోడౌన్‌కి మేనేజరు. ఈమెకి వరసకి అన్నయ్యగారు. ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపు సలహా పారేసే మనిషి. భోజనాలయ్యాక ఆమె వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే హాల్లోంచి చప్పట్లు వినిపించాయి. తడి చేతుల్తోనే వచ్చింది.

అన్నయ్యగారి అరచేతిలో మొండిఘటం నున్నగా, బుద్ధిగా కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను. అందులో ఎవరివో రెండు చేతులు ఇంకా అలాంటిదాన్నే తిప్పుతున్నాయి.

"ఇంతోటిదానికి రెండేళ్ళా చెల్లెమ్మా?" అన్నాడాయన. "వీడియో పెట్టుకుని టకటకా చేసేశాను."

"మిమ్మల్నెవరు చెయ్యమన్నారు?"

"ఒకళ్ళు చెప్పాలా? మనింట్లో వస్తువేగా."

ఆడపడుచు నవ్వింది. ఈమె భర్త కూడా నవ్వాడు. ఆమె మాత్రం ఆ ఫోను తెర వైపు చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. మిగిలిన ఆ కొద్ది ముక్కలూ ఎలా తిరగాలో కళ్ళబడనే పడింది. ఇక చెడగొట్టి మళ్ళీ మొదలుపెట్టినా ఏం లాభం? చూసినదాన్ని బుర్రలోంచి తుడిచెయ్యలేదు కదా. వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

"సాయం చేసినవాడి మీద మొహం మాడ్చుకుంటావేం?" అన్నాడు భర్త, వాళ్ళు వెళ్ళాక.

పోనీ అక్కడితో పోయిందా అంటే, లేదు. ఆ చప్పట్లు అన్నయ్యగారి తలకెక్కాయి. తనూ ఒక క్యూబు కొన్నాడు. వీడియోలు చూసి ఎత్తులు బట్టీపట్టాడు. పెళ్ళికెళ్ళినా, పరామర్శకెళ్ళినా జేబులోంచి తీసి తిప్పడమే. "మా చెల్లెమ్మ ఏళ్ళ తరబడి చెయ్యలేనిది నేను చేశాను" అని ప్రతిచోటా చెప్పుకునేవాడు. అది ఎక్కడెక్కడినుంచో తిరిగి ఆమె చెవిన పడేది.

ఒకరోజు ఆయనే షాపుకొచ్చాడు. ఆ సాయంత్రమే జరిగే కంపెనీ వార్షికోత్సవంలో స్టేజీ మీద క్యూబు కలిపి చూపిస్తానని ఒప్పుకున్నాడట.

"కాస్త బిగుసుకుపోయింది. స్క్రూలు వదులు చేసి, నూనె చుక్క వేసిపెట్టు. ఇలాంటి చిన్న పనులు నీ చేతికి బాగా అలవాటు" అన్నాడు.

"అలాగే అన్నయ్యగారూ" అంది.

ముక్కలన్నీ ఊడదీసి తుడిచింది. నూనె వేసింది. తిరిగి బిగించేటప్పుడు ఒక్క మూల ముక్కని ఉన్నచోటే కాస్త పక్కకి తిప్పి కూర్చోబెట్టింది. రంగులన్నీ కలగాపులగం చేసి ఆయన చేతిలో పెట్టింది. అలా బిగించిన క్యూబుని ఎంత తిప్పినా చివర్లో ఒక మూల తప్పుగానే మిగులుతుంది. లోపలి సంగతి తెలిసినవాడైతే చూడగానే పట్టేస్తాడు. బట్టీపట్టినవాడికి అది అంతుబట్టదు.

వార్షికోత్సవానికి ఆమెనీ, ఆమె భర్తనీ కూడా పిలిచారు. అన్నయ్యగారు కోటు తొడుక్కుని స్టేజీ ఎక్కాడు. మొదట్లో వేళ్ళు జోరుగానే ఆడాయి. అంతా కలిసింది, ఒక మూల తప్ప. ఏదో పొరపాటు పడ్డాననుకుని చెడగొట్టి మొదటినుంచీ చేశాడు. మళ్ళీ అదే మూల. చెమట తుడుచుకుని ఇంకోసారి మొదలుపెట్టాడు. హాల్లో దగ్గులు, ఆ తర్వాత నవ్వులు. చివరికి మైకు పట్టుకున్నాయన "తర్వాత చూద్దాం సార్" అంటూ ఆయన్ని భుజం పట్టి దింపాడు. ఆడపడుచు తల ఎత్తలేదు. ఈమె మాత్రం ఒళ్ళో చేతులు పెట్టుకుని చివరిదాకా చూసింది. కడుపులో మంట కాస్త చల్లారింది.

రెండోరోజు ఆయన షాపు తలుపు తోసుకుని వచ్చి క్యూబుని కౌంటరు మీద విసిరాడు. కళ్ళజోడు సరిచేయించుకుంటున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"పజిళ్ళు అమ్మేవాడికి చూపించాను. ఎవరో విప్పి తప్పు బిగించారన్నాడు. నువ్వేనా?"

"నేనే."

"కావాలనే చేశావా?"

"కావాలనే. నా తెల్లదాన్ని మీరేం చేశారు?"

ఆయన నొసలు ముడిపడింది. "ఏ తెల్లది?"

అప్పుడామెకి నిజంగా ఒళ్ళు మండింది. ఊరంతా చెప్పుకు తిరిగినవాడికి ఆ వస్తువే గుర్తులేదు. గుర్తుచేసింది.

"అదా!" అన్నాడు. "దానికింత పగా? మళ్ళీ చెడగొట్టుకుని చేసుకోవచ్చుగా."

"మీరూ మళ్ళీ స్టేజీ ఎక్కొచ్చుగా."

ఆయన మొహం కందగడ్డైంది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "నాకేం సరదా కాదమ్మా దాన్ని ముట్టుకోవడం. నీ మొగుడే తెచ్చి చేతిలో పెట్టాడు. కలిపెయ్ బావా, ఈ పీడ విరగడవుతుంది అన్నాడు. నా పరువు తీసేముందు ఇంట్లో ఆరా తియ్యాల్సింది."

ఆ పూట ఆమె ఒక జత అద్దాలు తప్పుగా అరగదీసింది. అంతకుముందెప్పుడూ అలా జరగలేదు.

ఇంటికెళ్ళేసరికి భర్త బట్టలు మడతపెడుతున్నాడు. ఆమె చెప్పులు విప్పకుండానే అడిగింది.

"ఆయన చేతికిచ్చింది నువ్వేనా?"

చొక్కా మడత ఆగింది. కాదంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడింది.

"నేనే" అన్నాడు. "రోజూ పొద్దున్న నేనేదో చెబుతుంటాను. నువ్వు దాన్ని తిప్పుతూ ఊఁ కొడతావు. ఏం చెప్పానో ఒక్కనాడైనా విన్నావా? అది అయిపోతే పోతుందనుకున్నాను."

"నాతో ఆ మాట అనొచ్చుగా."

"అన్నాను. ఊఁ అన్నావు."

ఆమెకి గుర్తులేదు. అన్నాడేమో. కానీ ఆ మాటతో కోపం తగ్గకపోగా రెట్టింపయింది. వినకపోవడం తన తప్పే అనుకున్నా, అతను ఎదురుగా నిలబడి తగువు పెట్టుకోవాల్సింది పోయి, బావగారిని ముందుకు తోసి పక్కన నిలబడి నవ్వాడు. బావగారిది తెలివితక్కువతనం. భర్త చేసింది వేరు.

"మా అక్కకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పు" అన్నాడతను. "పొద్దుట్నుంచీ ఏడుస్తోంది."

"చెప్పను."

మర్నాడు వడ్రంగిని పిలిపించి బీరువాకి తాళం పెట్టించింది. భర్త గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. వడ్రంగి సామాన్లు సర్దుకుంటూ తాళంచెవులు రెండున్నాయమ్మా, ఒకటి సార్‌కివ్వమంటారా అనడిగాడు.

"రెండూ నాకే ఇవ్వు" అందామె.