భోజనాల బల్ల మీద పన్నెండు వోల్టులు

"ఆ డొక్కు కంప్యూటర్ని తుక్కువాడికి వేసెయ్యమని ఎన్నాళ్ళనుంచి చెబుతున్నాను? ఒక్క పనీ గుర్తుండదు కదా నీకు!"

చెప్పులేసుకుంటూ భర్త అన్న మాట అది. గిన్నెలు తోముతూ ఆమె "ఊఁ" అంది. గుర్తులేక కాదు. మంచం కింద ఉన్న ఆ కంప్యూటరు పొట్ట ఎప్పుడో ఖాళీ అయింది. దానికి కరెంటు అందించే ఇనుప డబ్బా వంటింట్లో, పిండి డబ్బాల వెనక, పాత దుప్పట్లో దాక్కుని ఉంది.

అంతా నోరు జారడంతో వచ్చింది. పెళ్ళికి ముందు ఆమెతో ఒకే బెంచీ మీద కూర్చుని రిపేర్లు చేసిన స్నేహితురాలు ఇప్పుడు సొంతంగా షాపు పెట్టుకుంది. ఉన్నట్టుండి ఫోన్ చేసి, "పనితో చచ్చిపోతున్నానే. చిన్న బోర్డులు ఇంటికి పంపిస్తాను, బాగుచేసి పెడతావా? కరెంటిచ్చి చూసుకోవడానికి బెంచీ సప్లై ఉందా నీ దగ్గర?" అని అడిగింది. "లేకేం, ఉంది" అనేసింది ఈమె. శనివారం బోర్డులు పంపుతానంది స్నేహితురాలు. ఇంట్లో చూస్తే ఉన్నది ఒక చచ్చిన కంప్యూటరు, అందులో బెంచీ సప్లైగా మార్చుకోదగ్గ ఈ డబ్బా.

అత్తగారు కునుకు తీసే మధ్యాహ్నాలే ఆమెకు దొరికిన వేళ. డబ్బా ప్లగ్గు పీకి చాలా రోజులే అయినా మూత విప్పడానికి చెయ్యి రాలేదు. లోపలి పెద్ద కెపాసిటర్లు ప్లగ్గు పీకాక కూడా కరెంటు దాచుకుంటాయని తెలుసు. దాన్ని రెసిస్టరుతో ఎలా దించాలో, దిగిందో లేదో మీటరుతో ఎలా చూసుకోవాలో కూడా తెలుసు. ఒకప్పుడు కబుర్లు చెబుతూ చేసిన పనే. మరి ఈ వణుకు ఎక్కడిది? ఆలోచించగా ఆలోచించగా తట్టింది. ఈ ఇంట్లో బల్బు మాడితే "నువ్వు ముట్టుకోకు" అనేవాడు ఆయన. ఫ్యూజు పోతే, "చీకట్లో కూర్చుంటే పోయేదేం లేదు, వాణ్ణి రానీ" అనేవారు అత్తగారు. చుట్టాలొస్తే ఆయనదే ఇంకో మాట: "మా ఆవిడ ఒకప్పుడు రేడియోలు విప్పేదిలెండి. ఇప్పుడు నా బుర్ర విప్పుతోంది." అందరూ నవ్వేవారు. టీ కప్పులు అందిస్తూ ఆమె కూడా నవ్వేది. అలా నవ్వీ నవ్వీ, ఏడాదికింత చొప్పున తన చేతుల్ని తనే మరిచిపోయింది. ఇప్పుడు భయం కరెంటుది కాదు. విప్పి చూస్తే తనకేమీ రాదని తేలిపోతుందేమోనని.

అయినా విప్పింది. మీటరు సున్నా చూపించేదాకా లోపల వేలు పెట్టలేదు. దుమ్ము బ్రష్షుతో దులిపింది. పసుపు, ఎరుపు, నలుపు తీగల్ని గుత్తులుగా విడదీసి, బయటి తీగలు తగిలించుకోవడానికి డబ్బా ముందువైపు బిగించిన అవే రంగుల బిళ్ళలకు అతికించింది. మొదటి టంకం ముద్దగా పడింది. ఐదోది అద్దంలా మెరిసింది.

శుక్రవారం సెలవు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఇంకో రోజు లేదు. హాల్లో ఫోన్ చూసుకుంటున్నాడు కదా అని, ధైర్యం చేసి డబ్బాను భోజనాల బల్ల మీదికి తెచ్చింది. ప్లగ్గు పెట్టి, డబ్బాను లేపే ఆకుపచ్చ తీగను స్విచ్చుతో నల్లతీగకు కలిపింది. లోపలి ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

"ఏమిటా చప్పుడు?" అంటూ ఆయన రానే వచ్చాడు. చూశాడు. "ఓహో, తుక్కు ఇక్కడ తేలిందా! పేలుతుందా, ఇల్లు తగలెడుతుందా?"

ఆమె డబ్బావైపు వంగింది. ఆలోచించింది. పాతరకం డబ్బా. కరెంటు లాగేదేదీ లేక బొత్తిగా ఖాళీగా ఉంటే కొన్ని నిలబడవు. ప్లగ్గు పీకి, పనిముట్ల పెట్టెలోంచి తెల్ల సిమెంటు రెసిస్టరు తీసి ఎరుపు, నలుపు బిళ్ళల మధ్య బిగించింది. మళ్ళీ ప్లగ్గు పెట్టి నొక్కింది. ఫ్యాను తిరిగింది. తిరుగుతూనే ఉంది. పసుపు బిళ్ళ మీద మీటరు పెడితే పన్నెండు చూపించింది.

"దాని మీద కాస్త భారం ఉండాలి" అంది.

"అచ్చం నీలాగే! పనిలేకపోతే నిలబడదన్నమాట." ఆయన పకపకా నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఆ నవ్వు అలవాటుగా పెదాలదాకా వచ్చి వెనక్కి పోయింది.

నవ్వు తోడు రాకపోయేసరికి ఆయనకేం చెయ్యాలో తోచలేదు. "ఇవేంటి?" అంటూ బిళ్ళలనుంచి వేలాడుతున్న రెండు తీగల కొసల్ని పట్టుకుని కలిపాడు. చిటుక్కున నిప్పురవ్వ. ఫ్యాను ఆగిపోయింది. ఆయన ఒక్క గెంతు వెనక్కి గెంతాడు.

"నేనేం చెయ్యలేదు! పాడైందా?"

"లేదండీ. మోయలేనంత మీదపడితే ఆగిపోతుంది. పాడవకుండా ఉండటానికే."

ప్లగ్గు పీకింది. కాసేపు ఆగింది. మళ్ళీ పెట్టి నొక్కింది. పన్నెండు.

"మంచిదే" అన్నాడాయన, ఎవరికో చెబుతున్నట్టు. "మరి భోజనాలెక్కడ?"

"వంటింట్లో తిందాం. రేపట్నుంచి మధ్యాహ్నాలు ఈ బల్ల నాకు కావాలి. అత్తయ్యగారి టీ మీరు పెట్టండి, సెలవు రోజుల్లో. మిగతా రోజులకి ఫ్లాస్కులో పోసి ఉంచుతాను."

"అమ్మ ఏమంటుందో..."

ఆ వాక్యం ఎలా పూర్తవుతుందో చూడటానికి ఆమె ఆగలేదు. ఫోన్ తీసింది.

"ఏమే, బోర్డులు రేపు పొద్దున్నే పంపెయ్" అంది.

"పంపుతాన్లే. ఇంతకీ ఇంట్లో అడిగావా?" అంది స్నేహితురాలు.

ఆయన ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన్ని చూస్తూనే జవాబిచ్చింది.

"అడగలేదే. చెప్పాను."