ఎలుకల పంక్తి

పన్నెండు ఎలుకలూ ఈదుకుంటూ వెళ్లి పీటెక్కి కూర్చున్నాయి. వాటిలో సగమన్నా దారి మరిచిపోయి ఉంటే సలోమి ప్రాణం కుదుటపడేది.

నంద్యాలలోని ఆ ఫార్మసీ కాలేజీలో ఆమె పరిశోధనంతా ఈ నీళ్లతొట్టి చుట్టూనే. నీళ్ల కింద పీట ఎక్కడ దాచిందో ఎలుకలకు ముందు నేర్పింది. తర్వాత మత్తిచ్చి తలకు దెబ్బ తగిలించింది. ఆరు ఎలుకలకు మందు, మిగతా ఆరింటికి ఉత్త నీళ్లు. మందు తాగినవే పీటను గుర్తుపట్టాలి, అప్పుడే మందు పనిచేసినట్టు. ఏడు నెలల చాకిరీ. ఆళ్లగడ్డలో బైకు మీంచి పడి కన్నకూతురినే మరిచిపోయిన నాయన కోసమే ఇదంతా అని అటెండరు శాంతయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రోజూ ఎలుకల నోట్లో మందు పోసేది ఆయనే. పిలిచి అడిగింది.

“అన్నా, నీళ్ల సీసా ఇంకా నిండుగా ఉందేందీ?”

“అన్నిటికీ మందే పోసినా.”

“ఏందీ!”

“చర్చిలో ప్రేమవిందుకు ముప్పై ఏండ్లుగా వడ్డిస్తాండా. పంక్తిలో ఒకని ఆకులో కూరేసి పక్కనోనికి నీళ్లు పొయ్యలా ఎప్పుడూ. అన్నిటికీ తల పగిలిందే గదమ్మా?”

సలోమికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వందసార్లు చెప్పింది. వందసార్లూ తలూపాడు మహానుభావుడు!

“మందు పనిచేసిందో, దెబ్బే సరిగా తగల్లేదో ఇప్పుడెవరు చెప్పాల? అంతా మల్లా మొదట్నుంచి చెయ్యాల!”

“మీ నాయన్ను ఆ పంక్తిలో కూర్చోబెడితే నీళ్లే పోస్తావా?”

ఒళ్లు మండిపోయింది. ఆ ప్రశ్న తనకు తాను వేసుకోని రోజు లేదు మరి.

“ఆ ఆరూ నీళ్లు తాగితేనే అన్నా, ఈ మందు ఎప్పటికైనా మా నాయన దాకా వచ్చేది!”

శాంతయ్య జేబులోంచి మందుల బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

“అట్లయితే నువ్వే పొయ్యమ్మా. నా చేతగాదు.”

కొత్త ఎలుకలు వచ్చాయి, పీట ఎక్కడుందో నేర్చుకున్నాయి, తలకు దెబ్బ తిన్నాయి. మొదటి ఆరు ఎలుకలకు మందు పోసింది. ఏడోదాన్ని పట్టుకోగానే అది నోరు తెరిచింది. సలోమి చెయ్యి ఆగిపోయింది. అప్పుడే ఫోను మోగింది. రోజూ ఈ వేళకు అమ్మ ఫోను కలిపి నాయన చేతికిస్తుంది.

“ఎవురు మాట్లాడేది?”

“సలోమిని నాయనా.”

“ఏ సలోమి?”

ఆమె ఫోను పెట్టేసి, ఏడో ఎలుక నోట్లో నీళ్లు పోసింది.