ఒకటో తరగతిలో నంగోబి

బుసోగా సీమలో చెరకు తోటల మీద ఎండ నడినెత్తికొచ్చింది. కలుపు తీస్తున్న నంగోబి నడుం ఎత్తేసరికి గట్టు మీద బలిదావా మాస్టారు కనిపించాడు. ఆయన చేతిలో ఆమె కూతురు ముతేసి చెయ్యి.

"రేపట్నుంచి పిల్లని పంపకమ్మా," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. "ఒకటో తరగతిలోనే మూడో ఏడు. నిన్న దిద్దించిన అక్షరాన్ని ఇవాళ కొత్తగా చూసినట్టు చూస్తుంది."

"అది మొండిది కాదు మాస్టారూ."

"మొండిదని నేనన్నానా? నా గదిలో నూట పాతిక మంది. దీని దగ్గరే కూర్చుంటే మిగతావాళ్ళ గతేంటి?"

ఆయన వెళ్ళిపోయాడు. ముతేసి గట్టున చతికిలబడి చీమల్ని చూస్తూ ఉండిపోయింది.

"పోన్లేవే," అంది పక్క సాలులోంచి తోటి కూలి కగోయా. "కలుపు తియ్యడానికి అక్షరాలెందుకు? ఓ పార ఇచ్చి దించెయ్."

నంగోబి మళ్ళీ కలుపులోకి వంగింది. నాలుగేళ్ళప్పుడు ఈ పిల్లే పేటలోని మేకలన్నింటినీ పేరుపేరునా పిలిచేది. ఆ ఏటి వానల్లో మలేరియా వచ్చి, ఒళ్ళు కొయ్యబారి, కళ్ళు తేలేసింది. తండ్రి వీపుకి కట్టుకుని పట్నం ఆసుపత్రిదాకా సైకిలు తొక్కాడు. రోజుల తరబడి స్పృహ లేదు. కళ్ళు తెరిచాక ఇంటికి తెచ్చుకుని కోడిని కోశారు. గండం గడిచిందనుకున్నారు. కానీ ఆ తర్వాత చెప్పిన పని గడప దాటేలోపే మరిచిపోయేది. దయ్యమన్నారు, వాతలు పెట్టమన్నారు. చివరికి టీకాల నర్సు చెప్పింది: "జ్వరం మెదడుకెక్కిందమ్మా. దానికి మందు లేదు. పక్కన కూర్చుని, ఒక్కొక్కటే, విసుక్కోకుండా నేర్పాలి."

మర్నాడు నంగోబి తోటకి వెళ్ళలేదు. ఆ పూట కూలి పోయినట్టే. కూతురి చెయ్యి పట్టుకుని బడికెళ్ళి, వెనక వరసలో మట్టినేల మీద కూర్చుంది. పిల్లలు కిసకిసా నవ్వారు.

"ఇదేంటమ్మా? లే, లే," అన్నాడు మాస్టారు.

"మీరు చూడాల్సింది నూట పాతిక మందిని. నాకిక్కడ ఇదొక్కతే."

"హెడ్‌మాస్టారు చూస్తే నన్ను తిడతారు."

"తిట్టనివ్వండి. నేను లేవను."

మాస్టారు ఆమె పగిలిన మడమల వైపు కాసేపు చూశాడు. తర్వాత నల్లబల్ల వైపు తిరిగి మొదటి అక్షరం రాశాడు. నంగోబి బడి మొహం చూసింది లేదు. ఆ వంపుల్ని చూసి చూసి, వేలితో నేల మీద గీసింది. ముతేసి దాన్ని అరచేత్తో తుడిచేసింది. తప్పని తుడిచిందో, ఊరికే తుడిచిందో తల్లికి అర్థం కాలేదు.

మళ్ళీ గీసింది.