తోడికోడలి మంచిమాట

నాగవేణి కూతురు కన్యకకు లా సీటు వచ్చిందని తెలిసిన రోజు నేను పూరీలు మాడబెట్టాను. నా కూతురు శ్రీవాసవికీ అదే కాలేజీలో సీటు వచ్చింది, ర్యాంకు కూడా మాదే మెరుగు. అయినా కడుపు మండింది. నాగవేణి నా తోడికోడలు. కోయిలకుంట్ల బజారులో మామగారి కిరాణా కొట్టుకు మధ్యలో గోడ పెట్టి అన్నదమ్ములు పంచుకున్నప్పటి నుంచి ఆమె ఏది కొన్నా నాకు నిద్ర పట్టదు. ఆమెకు మాత్రం హాయిగా పడుతుంది, అదే నా బాధ.

లా అంటే ఐదేళ్ల చదువు. పోస్టాఫీసు సుకన్య పథకంలో పిల్ల పేరు మీద నేను కూడబెట్టింది రెండేళ్ల ఫీజుకు సరిపోతుంది. కొట్టుకు జీఎస్టీ ఉంది, ఆదాయం ఎక్కువని సర్కారు ఇచ్చే ఫీజు మాకు రాదు. ఇక మిగిలింది మా వైశ్య సంఘం. కర్నూలులో వాళ్లు ఏటా ఒక్క ఆడపిల్లకు లా చదువు ఫీజంతా కడతారు. అది రాకపోతే ఊళ్లోనే బీకాం అని మా ఆయన తేల్చేశాడు. వాసవి ఆ రోజు నుంచి అన్నం సగమే తింటోంది.

సంఘం వాళ్లు పిలిచిన రోజు నలుగురం ఒకే బస్సులో వెళ్లాం. నాగవేణి పులిహోర తెచ్చి నా కూతురికే ముందు పెట్టింది. అందులోనూ ఏదో ఎత్తు ఉందనుకున్నాను, అనుకుంటూనే నేనూ తిన్నాను. అక్కడికి వచ్చినవాళ్లందరినీ వడగట్టగా చివరికి మా ఇద్దరి పిల్లలే మిగిలారు.

అధ్యక్షుడు పెంచలయ్య సెట్టి ముందు వాసవిని అడిగాడు. "లా ఎందుకు చదవాలనుకుంటాండావు తల్లీ?"

"చిన్నప్పటి నుంచి దానికి అదే పిచ్చి అన్నా," అన్నాను నేను.

"హాస్టల్లో ఒక్కదానివే ఉండగలవా?"

"మా అక్క ఈడ్నే ఉండాదన్నా. ఆదివారం ఆదివారం చూసొస్తాది," అన్నాను.

వాసవి నా వంక ఒకసారి చూసి తల దించుకుంది. ఎంత అణకువ అని నాకు ముచ్చటేసింది.

తర్వాత కన్యకను అడిగితే, వాళ్లమ్మ నోరు తెరిచేలోపే ఆ పిల్ల అందుకుంది. కొట్టు పంపకంలో వాళ్ల నాన్నకు అర అడుగు తక్కువ వచ్చిందట. ఆ అర అడుగు సంగతి తేల్చడానికే లా చదువుతానని నా మొహం మీదే చెప్పింది.

పెంచలయ్య నవ్వాడు. "సొంత బిడ్డను ఎవరైనా పొగుడుతారు. సంబంధం విచారించాలంటే తోడికోడల్నే అడగాలంటారు మా ఇంట్లో. ఒకరి పాప గురించి ఒకరు చెప్పండమ్మా."

నాగవేణి ముందు లేచింది. "మా అక్క కూతురు బంగారమన్నా. నోట్లో నాలుక లేదు. కూర్చోమంటే కూర్చుంటాది, లెయ్యమంటే లేస్తాది. ఎవురన్నా ఒక మాటంటే కండ్లనీళ్లు పెట్టుకుంటాది గానీ ఎదురు చెప్పదు. అట్లాంటి పిల్ల యాడా దొరకదు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ ఈమె మీద ఊరికే కుళ్లుకున్నానా అనిపించింది. అయినా చేతికొచ్చిన అవకాశం వదులుకునే రకాన్ని కాదు నేను.

"ఉన్నమాట చెప్తానన్నా. ఆ పిల్లకు శానా నోరు. ఒకటంటే పది అంటాది. పాలల్లో నీళ్లు కలిపినాడని పాలాయన్ను నడివీధిలో నిలబెట్టి అడిగింది. కరెంటు బిల్లు ఎక్కువేసినారని ఒక్కతే ఆఫీసుకు పోయి తగ్గిచ్చుకోనొచ్చింది. పెద్దా లేదు, చిన్నా లేదు. తను గెలిచేదాకా వదలదు."

నేను చెబుతూ ఉంటే పెంచలయ్య తన పక్కనున్న సంఘం వకీలు చెవిలో ఏదో అన్నాడు. వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. సంబంధమే అయితే ఆ మాటలకు చెడిపోయి ఉండేది. ఇది పెళ్లిచూపులు కాదని నాకు అప్పుడు వెలిగింది.

ఫీజు కన్యకకు ఇచ్చారు. "నీ మాటతోనే మాకు ధైర్యం వచ్చిందమ్మా," అని పెంచలయ్య నాకు దండం కూడా పెట్టాడు.

నాగవేణిని ఏమని తిట్టను? ఆమె నోట వచ్చిందంతా మంచే. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఈమె నవ్వను కూడా లేదు. బస్టాండులో నా చెయ్యి పట్టుకుని, "నీ మేలు మర్చిపోనక్కా," అంది. ఆ చెయ్యి కొరకాలనిపించింది.

బస్సులో వాళ్లకు దూరంగా, వెనక సీట్లో కూర్చున్నాం. "చూసినావా మీ పిన్ని నాటకం? పొగిడి పొగిడి నీ గొంతు కోసింది," అన్నాను వాసవితో.

వాసవి కిటికీలోంచి బయటికే చూస్తూ అంది. "పిన్ని అబద్ధమేం చెప్పలేదు కదమ్మా. వాళ్లు నన్ను రెండు మాటలడిగినారు. రెండిటికీ నా దగ్గర జవాబుండె. నువ్వు చెప్పనిస్తివా?"

పుట్టి బుద్ధెరిగాక నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. గొంతు వణకలేదు, మాట తడబడలేదు. ఇదే గొంతుతో అక్కడ మాట్లాడి ఉంటే ఫీజు మాదే అయ్యేదని నాకే తోచింది. బస్సు ముందు వైపు కన్యక ఏదో వాదిస్తోంది, నాగవేణి మురిసిపోతూ వింటోంది. నాకు చూడబుద్ధి కాలేదు.

"నోర్ముయ్. ఎదురు మాట్లాడేంత దానివైనావా," అన్నాను.

మూసుకుంది.