చుట్టీ నాడు స్టేషన్ ముందర

రోమ్ నగరానికి పోయేవాళ్లకు కావలసిన సమాచారమంతా నా దగ్గర ఒక క్యాసెట్‌లో ఉంది. చెప్పింది మా అక్క జైనబీ.

"మే హలీమా, ఇనపడతాందా? ఈడ నీళ్లు కొనొద్దు. సందుసందుకూ ఇనుప కొళాయి ఉంటాది, రేయింబగులూ కారతానే ఉంటాది. మూతి కింద వేలు అడ్డం పెట్టు, పైన బొక్కలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. బస్సు టికెట్టు బస్సులో ఇయ్యరు, పొగాకు అంగట్లో కొనల్ల. ఎక్కినాక డబ్బాలో దూర్చి ముద్దర ఏయించుకోవల్ల. మర్చిపోతివా, ఏడ్సినా ఇడ్సిపెట్టరు. సంచి ముందరికి ఏసుకో. చూసేది పైన బొమ్మల్ని కాదు మే, సంచిని!"

కలెక్టరమ్మ! మా రాయచోటిలో బస్టాండు దాకా ఒక్కతే పోవడానికి భయపడేది. ఆమె నాకు రోమ్ గురించి చెబుతోంది.

అక్క మొదట కువైట్‌లో ఇంటిపనికి ఉండేది. తొంభైలో ఆ ఇంటివాళ్లు వేసవికి రోమ్ పోతూ ఆమెనూ తీసుకుపోయారు. అక్కడుండగానే కువైట్‌లో యుద్ధం వచ్చింది. వాళ్లు ఇంకో దేశం దారి పట్టి, అక్కను మాత్రం అక్కడే వదిలేశారు. పాత చెప్పులు కూడా అట్లా వదలరు, వాళ్ల చేతులు పడిపోను. ఒక ముసలామె ఇంట్లో పని దొరికింది కానీ కాగితాలు లేవు. ఆ భయానికి ఇంటి చిరునామా ఎవరికీ ఇవ్వదు, ఉత్తరాలన్నీ ఒక పోస్టు పెట్టెకే. ఒక్కసారి ఊరికి వచ్చిందంటే మళ్లీ పోలేదు. ఊళ్లో తన పిల్లల చదువులు ఆమె డబ్బు పంపితేనే.

నేనేమో మస్కట్‌లో, మత్రా బజారు వెనక మదీహా మేడమ్ ఇంట్లో వంటమనిషిని. అమ్మ పోయినప్పుడు ఇద్దరం దగ్గర లేము. నాకు సెలవు దొరికి వెళ్లేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది. పెట్టెలో అమ్మ పచ్చచీర ఉంటే నిలువునా రెండు చేశాను, ఒకటి నాకు, ఒకటి అక్కకు. అందరూ ఓదార్చారు. నాకు కావాల్సింది ఓదార్పు కాదు, అక్క. అమ్మ కోసం ఒక్కసారి ఇద్దరం పట్టుకుని ఏడవాలి, అంతే.

తొంభై మూడులో మేడమ్ వాళ్లు ఆగస్టులో రోమ్ పోదామన్నారు. పిల్లల కోసం నన్నూ తీసుకుపోతారట. ఏ తేదీ, ఏ హోటలు అని అడిగితే "చూద్దాంలే" అన్నారు. అదే మాట, చీర సంగతీ అక్కకు రాసి పంపాను. దానికి జవాబే ఈ క్యాసెట్. చివర్లో అక్క, మా పనివాళ్ల వారం సెలవైన చుట్టీ గురించి ఇట్లా అంది:

"నువ్వు ఏ వారం వచ్చినా సరే, చుట్టీ నాడు పెద్ద స్టేషన్ ముందర బస్సులు ఆగే తావుకి రా. బస్సులోనే రా, నడిచొస్తే తప్పిపోతావు. ఆ నెలంతా ప్రతి చుట్టీకీ ఆడ్నే కూసోనుంటా. అమ్మ చీర మర్చిపోతే తంతా!"

రోమ్‌లో దిగాము. ఆ వారం నేను నేల మీద నడిస్తే ఒట్టు. జుమ్మా నాడు మేడమే అంది, "ఎట్లాగూ నీకు శుక్రవారం చుట్టీ కదా హలీమా, పోయి చీకటి పడేలోగా రా." ఎప్పుడూ లేనిది, ఆ రోజు ఆమెను మనసారా దీవించాను.

చీర ముక్క, ఒమాన్‌లోని సమాయిల్ ఖర్జూరాల పొట్లం సంచిలో పెట్టి, సంచి ముందరికి వేసుకున్నాను. పొగాకు అంగడి, అక్క చెప్పినట్టే. డబ్బా, ముద్దర, అక్క చెప్పినట్టే. స్టేషన్ ముందు కొళాయికి వేలు అడ్డం పెడితే నీళ్లు మొహాన చిమ్మాయి. ఒక్కదాన్నే పకపకా నవ్వాను. ఇన్ని నిజమయ్యాక అక్క మాత్రం రాకుండా ఉంటుందా?

రాలేదు.

పెట్టెలు మోసుకుంటూ వచ్చేపోయేవాళ్లే తప్ప తీరిగ్గా కూర్చున్న మనిషి లేదు. ప్రతి బస్సునూ చూశాను. ముసుగేసుకున్న ప్రతి ఆడదాని వెంటా నాలుగడుగులు వేశాను. మొదట కోపం వచ్చింది, రానీ నీ సంగతి చెబుతా అనుకున్నాను. తర్వాత భయం వేసింది. పోలీసులు పట్టుకున్నారేమో, జబ్బు పడిందేమో. పొద్దు గుంకేదాకా కూర్చుని, ఖర్జూరాలు విప్పకుండానే తిరిగొచ్చాను.

ఆదివారం మా తిరుగు ప్రయాణం. ఎయిర్‌పోర్టుకు పోయే కారు స్టేషన్ ముందు నుంచే వచ్చింది. చూద్దును కదా, మొన్న ఖాళీగా ఉన్న చోటంతా ఆడవాళ్లు! నల్లవాళ్లు, ఫిలిప్పీన్ వాళ్లు, మనవాళ్లు. దుప్పట్లు పరచుకుని, గిన్నెలు విప్పుకుని, జడలు వేసుకుంటూ. ఊళ్లోని పనిమనుషులంతా అక్కడే ఉన్నారు. అప్పుడు తెలిసింది నా మొద్దు బుర్రకు. మస్కట్‌లో చుట్టీ అంటే శుక్రవారం. కువైట్‌లో అక్కకూ అంతే. రోమ్‌లో ఆదివారం. అది చెప్పాలని ఆమెకు తోచలేదు, అడగాలని నాకు తోచలేదు.

చివర్న, గోడ వారగా, ఒళ్లో గిన్నె పెట్టుకుని అక్క.

"అక్కా!" అద్దం మీద రెండు చేతులతో బాదాను. "ఆపండి! వగ్గిఫ్! మా అక్క!"

"పిచ్చి పట్టిందా? విమానం పోతుంది," అంది మేడమ్. డ్రైవరు మెడ తిప్పి చూశాడు కానీ వెనక హారన్లు మోగాయి, కారు ఆగలేదు. నా అరుపుకు పిల్లలు ఏడుపు అందుకున్నారు. అక్క ఒక్కసారి కార్ల వైపు చూస్తే చాలు. చూడలేదు. మెడ చాపి బస్సుల వైపే చూస్తోంది. బస్సులోనే రమ్మని చెప్పింది కదా నన్ను.

జరిగిందంతా నేను రాసిన ఉత్తరం అందిందో లేదో, శీతాకాలంలో ఇంకో క్యాసెట్ వచ్చింది. మత్రాలో నా గదిలో తలుపు వేసుకుని పెట్టాను.

"మే హలీమా, ఐదు ఆదివారాలూ కూసున్నా. నీకిష్టమని బొరుగుల ఉగ్గాని చేసకపోయినా. మీ మేడమ్ నిన్ను తీసుకరాలేదేమోలే, నువ్వేం బాధపడొద్దు. మల్ల ఎప్పుడన్నా వస్తే గుర్తుపెట్టుకో, నీళ్లు కొనొద్దు. టికెట్టుకు ముద్దర..."

ముద్దర అన్న చోటే మాట తెగింది. తర్వాత "అమ్మా" అని అక్క ఏడుపు.

చీర రెండు ముక్కలూ నా ఒళ్లోనే ఉన్నాయి. అక్క ఏడుస్తుంటే నేనూ గొంతెత్తి ఏడ్చాను. టేపు టక్కున ఆగింది. వెనక్కి తిప్పి, మళ్లీ పెట్టాను.