రెండో పాళీ టీచరమ్మ

మగ్గాల పనికి గుజరాతీ గడ్డకు వచ్చిన తెలుగువాళ్ళుండే డిండోలిలో సదానందం, విజయరాణిల మంచం చల్లబడగా చూసినవాళ్ళు లేరు. తెల్లవారి ఆమె లేచి బడికి బయల్దేరే వేళకు అతను కార్ఖానా నుంచి వచ్చి అందులో పడుకుంటాడు. దీపాలు పెట్టే వేళకు ఆమె వచ్చేసరికి అతను లేచి రాత్రి పాళీకి వెళ్ళిపోయి ఉంటాడు. షిఫ్టును ఇక్కడ పాళీ అంటారు. మగ్గాల మీద పనిచేసేవాళ్ళ గదుల్లో ఇది కొత్త కాదు. ఒకే పరుపు మీద పగటి పాళీ వాడూ రాత్రి పాళీ వాడూ వంతులేసుకుని పడుకుంటారు. కాకపోతే వాళ్ళు ఒకరినొకరు పెళ్ళి చేసుకున్నవాళ్ళు కారు.

ఈ మాట అన్నది పక్కగది సారక్క. ఆమె రోజంతా గుమ్మంలో కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తుంది. చేతులు చీర మీద ఉంటాయి, కళ్ళు గల్లీ మీద ఉంటాయి. చీర మీద ఒక్క రాయి పక్కకు పోదు, గల్లీలో ఒక్క మనిషి ఆమెను దాటిపోడు.

విజయరాణికి పొద్దున ఇక్కడి తెలుగు బడి, పగటిపూట లింబాయత్‌లో ఇంకో బడి. ఆమెకు సెలవు ఆదివారం, ఆ పగలంతా అతను నిద్రలో ఉంటాడు. అతనికి సోమవారం, ఆ రాత్రి ఆమె నిద్రలో ఉంటుంది. మొగుడూ పెళ్ళాం మెలకువగా ఎదురుపడేది మెట్ల మీదే. మెట్లు ఇరుకు కనుక ఒకరు గోడకు ఒదిగి నిలబడితే తప్ప ఇంకొకరు పోలేరు. ఎవరు ఒదగాలన్న దాని మీద కూడా వాళ్ళకు ఏనాడూ తగువు రాలేదు. మిగతా సంసారమంతా ఫోన్లో నడుస్తుంది. "పప్పుల ఉప్పు ఎక్కువైంది" అని అతను మాట పంపుతాడు. ఆమె బడిలో విని "సరే" అని పంపుతుంది. ఆ సరేలో కోపం ఉండదు, నవ్వు ఉండదు. తిమ్మిరెక్కిన కాలును గిచ్చితే తెలియనట్టు విజయరాణికి చాలా ఏళ్ళుగా ఏదీ తెలియడం లేదు. తెలియడం లేదన్న బాధ కూడా లేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో అతని మాట ఒకటి వచ్చింది.

"బార్డోలీ తొవ్వల కొత్త కార్ఖానా పెట్టిండ్రు. ఆడ్నే ఉండెతందుకు ఖోలీ ఇస్తరట. హోలీ అయినంక పోత. నువ్వు ఈడ్నే ఉండు, నీ బడి ఉన్నది గద. మనం కలిసేది ఎట్లా లేదు. ఈడుంటే ఏంది, ఆడుంటే ఏంది."

ఆమె రెండోసారి కూడా విన్నది. ఎక్కడా తప్పు దొరకలేదు. సరే అని పంపబోతే వేలు ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకు అర్థం కాలేదు. ఫోన్ సంచిలో పడేసి పిల్లలచేత ఎక్కాలు చెప్పించింది.

ఆ సంగతి ఆమెకంటే ముందే సారక్కకు తెలుసు.

"పోతడట గద. ఆపవా?"

"ఎందుకు ఆపాలె?"

"నన్నడుగుతవేంది? మొగడు నీవాడాయె."

"నాక్కూడ అంతే తెల్సు సారక్కా" అని విజయరాణి బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళింది.

ఆ వారంలోనే సంధ్య బడికి వచ్చింది. రైల్వేలో పనిచేసే గోవిందరాజులు గారి అమ్మాయి. ఒక దేశంలోని తరగతిని ఇంకో దేశంలోని తరగతితో కలిపి, ఇద్దరు టీచర్లచేత ఒకే ప్రాజెక్టు చేయించడం ఆమె ఉద్యోగం. క్వార్టర్స్‌లో ఎదురింటివాళ్ళ పేరేమిటంటే చెప్పలేదు కానీ, ఏ ఖండంలో ఏ టీచరుకు తోడు కావాలో గుక్క తిప్పుకోకుండా చెబుతుంది.

"పెరూ అని ఒక దేశం ఉందండీ. అక్కడ కొండ మీద ఒక ఊరు. వాళ్ళూ మనలాగే నేతపనివాళ్ళు. 'మా ఊరి గుడ్డ' అని మీ పిల్లలూ వాళ్ళ పిల్లలూ కలిసి ఒక ప్రాజెక్టు చేయాలి. ఒక్కటే చిక్కు మేడం. మనకు పగలైతే వాళ్ళకు రాత్రి."

దాన్ని వివరించడానికి ఆమె గ్లోబు, టార్చిలైటు తెచ్చుకుంది. వాటిని బయటికి తీయనక్కరలేకపోయింది.

"అంటే వాళ్ళది రెండో పాళీ" అన్నది ముందు బెంచీలోని మనోజ్ఞ. తరగతి మొత్తం తలూపింది.

"అలా కాదమ్మా, వాళ్ళుండేది వేరే చోట..."

"మనం పనిల ఉన్నప్పుడు రెండో పాళీ వాళ్ళు వేరే కాడనే ఉంటరు గద మేడం!"

సంధ్య టార్చిలైటును సంచిలోనే ఉంచుకుంది. ల్యాప్‌టాప్ తెరిచి పెరూను పిలిచింది. తెర మీద ఒక సున్నా బడి విడిచే దాకా తిరిగింది. మర్నాడూ అదే సున్నా.

మగ్గం దిగేవాడికి ఒక మర్యాద ఉంది. తర్వాత ఎక్కేవాడి కోసం మగ్గం తుడిచి, ఏ పోగు మాటిమాటికీ తెగుతోందో చెప్పి మరీ దిగాలి. పిల్లలు ఇళ్ళలో చూసిందే బడిలో చేశారు. ఇంటికి పోయే ముందు బెంచీలు తుడిచారు, కుండలో నీళ్ళు నింపారు, బోర్డు మీద రాశారు: 'మూడో బెంచి కాలు ఊగుతది, పైలం.' సంధ్యకు ముచ్చటేసి ఫోటో తీసుకుంది.

తెల్లవారి బెంచీలు వెచ్చగా ఉన్నాయి. మూడో బెంచీ కాలికి ఎర్ర ఉన్నిదారం బిగించి చుట్టి ఉంది. ఊగడం లేదు.

ఎవరూ వింతపడలేదు. ఇంకొకరు లేచిపోయిన వెచ్చటి చోటులో కూర్చోవడం ఆ పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటే. ఫిర్యాదు చేసిందల్లా వాచ్‌మన్ రఘుపతి ఒక్కడే.

"రాత్రి పాళీ పిల్లలు మంచోళ్ళే టీచరమ్మా. ఉన్ని టోపీలు పెట్టుకొని వస్తరు, వరుసగ చెప్పులిడుస్తరు. గని ఒక పొడుగు మెడ గొర్రెను తోల్కొస్తున్నరు సూడు, అది నా మీద ఉమ్మింది."

"చెప్పకపోయినవా వాళ్ళ టీచరుకు?"

"చెప్పిన. ఆమె ఏదో అన్నది. అది మాఫీ అడిగినట్టే ఉన్నది."

జంతువులను గేటు బయట కట్టేయాలని హెడ్మాస్టరు గోడ మీద రాయించాడు. అంతటితో ఆ గొడవ తీరింది. సంధ్యకు మాత్రం తీరని గొడవ ఒకటి మిగిలింది. రెండు తరగతులూ ఒకే తెర మీద కనిపించే ఫోటో కావాలని ఆఫీసువాళ్ళు ఆమె ప్రాణం తీస్తున్నారు.

"రెండు పాళీలు ఒక్కపారే ఎట్లొస్తయి బిడ్డా? మగ్గం ఒక్కటే గద" అని రఘుపతి ఆమెను ఓదార్చాడు.

ప్రాజెక్టు దాని మానాన అది నడిచింది. పిల్లలు ఇళ్ళ నుంచి చీర ముక్కలు తెచ్చి వెనక గోడకు గుచ్చి పోయేవారు. పొద్దున వచ్చి చూస్తే ప్రతి ముక్క పక్కనా అదే రంగు ఉన్ని ముక్క కుట్టి ఉండేది. గోడ మీద గుడ్డ పెరుగుతూ పోయింది.

విజయరాణి కుర్చీ కూడా వెచ్చగానే ఉండేది. ఒక రోజు ఆమె గమనించింది, ఎడమ పక్క ఎక్కువ వెచ్చగా ఉంది. తనూ ఎడమకే ఒరిగి కూర్చుంటుంది. ఆ రోజు బడి విడిచాక ఫ్లాస్కులో చాయ్ ఉంచి పోయింది. తెల్లవారి ఫ్లాస్కులో ఏదో ఆకు కషాయం ఉంది. ఒక గుక్క తాగి "చేదు" అన్నది పైకే. పిల్లలు తలెత్తి చూశారు. తమ టీచరు ఒక వస్తువు గురించి బాగుందనో బాగాలేదనో అనడం వాళ్ళు వినడం అదే మొదలు.

"అక్కడి టీచరు పేరు నెలీదా అండీ" అన్నది సంధ్య ఆ వారం వచ్చినప్పుడు. "మెయిల్ పెట్టింది. ఆవిడకు రాత్రిళ్ళు బొత్తిగా నిద్రపట్టదట. పొద్దున క్లాసులో కునుకుతోందట పాపం."

ఆ సాయంత్రం ఈ కబురు సారక్క గుమ్మానికి చేరింది. దాచుకోవడానికి విజయరాణికి అది తన కబురనిపించలేదు.

"ఆమెకేమో రాత్రి నిద్ర లేదు, నీకేమో పగటిపూట ఇంట్ల మొగడున్నా కనవడడు" అన్నది సారక్క రాయి అంటిస్తూ. "బద్లీ పెట్టుకోరాదే?"

ఊరికి పోయే మగ్గంవాడు తన చోట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టి పోవాలి, లేకుంటే తిరిగొచ్చేసరికి మగ్గం ఉండదు. ఆ కూర్చునేవాడు బద్లీ. సారక్క ఎగతాళికే అన్నది. అట్లాంటివి ఆమె రోజూ ఎన్నో అంటుంది, అన్నవాటిని మర్చిపోతుంది. విజయరాణి మాత్రం పొయ్యి ముందు చాలాసేపు నిలబడిపోయింది. అన్నం మాడింది.

మర్నాడు పిల్లలు వెళ్ళిపోయాక బోర్డు మీద ఒక పక్క సూర్యుణ్ణి, ఇంకో పక్క చంద్రుణ్ణి గీసింది. రెండింటి కింద ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరి చోటుకు ఒకరు పోతున్నట్టు బాణాలు. బొమ్మలు గీయడం ఆమెకు రాదు, ఇద్దరు ఆడవాళ్ళూ చీపుర్లలా వచ్చారు. తెల్లవారి చూస్తే ఒక చీపురుకు రెండు జడలు, గుండ్రటి టోపీ పెట్టి ఉన్నాయి.

"పొద్దున తరగతిలో ఒక టీచరు నిలబడి ఉండాలి. ఎవరు నిలబడ్డా నాకొకటే" అన్నాడు హెడ్మాస్టరు, ఆమె బద్లీ సంగతి అడిగితే. లింబాయత్ బడికి ఇక రానని ఆమె చెప్పేసింది. ఇంట్లో మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే ఫోన్లో చెప్పాలి.

హోలీ వచ్చింది, పోయింది. మర్నాడు పొద్దున రఘుపతి గేటు దగ్గర ఎదురొచ్చాడు.

"రాత్రి పాళీ టీచరు ఇంకా పోలేదు టీచరమ్మా. లోపల్నే ఉన్నది."

కురచ మనిషి, రెండు జడలు, గుండ్రటి టోపీ. కళ్ళ కింద నల్లటి గుంటలు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. విజయరాణి సుద్దముక్క అందించింది. అందుకున్న చెయ్యి కుర్చీలాగే వెచ్చగా ఉంది.

"గా మనోజ్ఞ మాటకు మాట చెప్తది. చిరంజీవికి ఎక్కాలు రావు, గుడ్లెర్రజేస్తే ఏడుస్తడు" అని చెప్పింది విజయరాణి. నెలీదా తలూపింది. తెలుగు రాకపోతేనేం, మాటకు మాట చెప్పే పిల్ల, ఎక్కాలు రాని పిల్లవాడు ఆమె తరగతిలోనూ ఉండే ఉంటారు. పిల్లలు లేచి నమస్తే చెప్పి కూర్చున్నారు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడే పిల్లలు. ఇంకో భాష వచ్చి పడిందని ఎవరూ బెంగపెట్టుకోలేదు.

విజయరాణి ఇంటికి నడిచింది. మెట్ల మీద ఎవరూ ఎదురు రాలేదు. ఏ పక్క నుంచి ఎక్కాలో తోచక మధ్యలో నుంచే ఎక్కింది. ఆమెను చూసి సారక్క చేతిలో రాయి కిందపడింది.

సదానందం బనీను మీద ఉన్నాడు. నేల మీద కూర్చుని ట్రంకుపెట్టెకు తాడు కడుతున్నాడు.

"బడి లేదా?"

"పొద్దుగూకినంక పోత. రాత్రి పాళీ తీసుకున్న."

"బడికి రాత్రి పాళీ ఉన్నదా?"

"ఇప్పుడున్నది."

"మరి పొద్దుటిది ఎవలు సూస్తరు?"

"బద్లీ పెట్టిన."

అతను తలూపాడు. బద్లీ పెట్టి వచ్చిన మనిషిని ఇక అడగడానికి ఏమీ ఉండదు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. అతను మళ్ళీ తాడు పట్టుకున్నాడు. ముడిని కళ్ళకు దూరంగా జరిపాడు, ఇంకా దూరంగా జరిపాడు. వేలు తాడు పక్క నుంచి పోయింది.

"దగ్గరిది కనవడ్తలేదా?"

"ఆఁ?"

ఆమె బడి గొంతుతో మళ్ళీ అడిగింది.

"ఇయ్యాల కొత్తనా? మూడేండ్లాయె" అన్నాడు.

"చెప్పకపోతివి."

"ఫోన్ల ఏం చెప్తం."

ఆమె తన చత్వారపు కళ్ళద్దాలు తీసి, ముందుకు వంగి, అతని ముక్కు మీద పెట్టింది. అతను తాడును చూశాడు. ముడిని చూశాడు. తర్వాత తలెత్తి ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీ గదువ మీద గా మచ్చ ఎప్పటిది?"

"పుట్టినప్పటిది."

కింద గల్లీలో బార్డోలీ టెంపో వచ్చి హారన్ కొట్టింది. ఆగి మళ్ళీ కొట్టింది. మగ్గాల మోతలో సగం చెవులు పోగొట్టుకున్న సదానందానికి అది వినబడలేదు. విజయరాణికి వినబడింది. ఆమె చెప్పలేదు.